కోడలి పగటి నిద్ర

పోయిన వారం మా భజన మండలి నుంచి ఇద్దరు కాగితం పట్టుకొని వచ్చారు. శ్రావణంలో నామ సప్తాహం పెడుతున్నారట, ఏడు రోజులూ రేయింబవళ్లు నామం తెగకుండా ఇంటికో గంట వంతు పంచుతున్నారట. కరోనా నాటి అలవాటు పోక ఇప్పటికీ కొందరు ఇంటి నుంచి ఫోన్‌లోనే పాడతారు. మాకు పగలు పదకొండు గంటల వంతు రాయమంటారా అని అడిగారు. వద్దన్నాను. తెల్లవారుజామున మూడింటికి వేసినా మందిరానికి నడిచి వచ్చి పాడతాను గానీ పగటిపూట మా ఇంట్లో తాళం మోగదన్నాను.

"ఇంక గదే కోపమా పెద్దమ్మా? ఐదేండ్లాయె గద!" అని నవ్వుకుంటూ వెళ్లారు.

అవును, అదే కోపం. ఒక్క గది ఇళ్లలో కాపురాలు చేసిన నా ఈడువాళ్లకైనా ఇది అర్థమవుతుందని రాస్తున్నాను.

నేను భక్తి లేనిదాన్ని కాను. మా నాయన సిరిసిల్లలో పగలంతా మగ్గం నేసి, సాయంత్రం అరుగు మీద పదిమందికి పురాణం చదివేవాడు. ఆయన పక్కన కూర్చున్నందుకు బడి కంటే ముందే పద్యాలు నోటికి వచ్చాయి. పెళ్లయి సూరత్ వచ్చి లింబాయత్‌లో దిగినప్పుడు మా గది గోడకు అవతలే సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, రాత్రింబవళ్లు దడదడలాడేవి. ఆ దడలోనే పిల్లలను కన్నాను, జోకొట్టాను, నేనూ ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. కరెంటు పోయి సాంచా ఆగితేనే పిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవారు. అందుకని చప్పుడు నిద్రను చెడగొడుతుందని నేనెన్నడూ నమ్మలేదు. నా తప్పు అక్కడే మొదలైంది.

మా కోడలు ఆసుపత్రిలో నర్సు. రోగం వచ్చిన ఆ రెండేళ్లూ ఎక్కువగా రాత్రి డ్యూటీలే. పొద్దున తొమ్మిదింటికి వచ్చి, బట్టలు వేడినీళ్ల బకెట్‌లో వేసి, స్నానం చేసి, ఇంత తిని, గది మూలన గోడవైపు తిరిగి చాప మీద పడుకునేది. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. సలాబత్‌పురాలో కొడుకు పనిచేసే చీరల దుకాణం మూతపడి వాడు రోజంతా టీవీ ముందే. ఇద్దరు మనవలకు చెరో ఫోన్‌లో బడి, ఒకడికి గుజరాతీలో ఎక్కాలు, ఇంకొకడికి హిందీలో పాఠాలు. గల్లీలో మాస్కు పెట్టుకొమ్మని మైకుతో తిరిగే బండి, పై ఇంట్లో మిక్సీ.

మొదటి ఏడు ఒక సాయంత్రం గల్లీ అంతా మేడలెక్కి పళ్లాలు మోగించారు, ఆసుపత్రి వాళ్లకు దండం పెడుతున్నామని. ఆ మోతకు మా కోడలు ఏ ఇల్లు కూలిందోనని నిద్రలోంచి లేచి తలుపు దగ్గరికి ఉరికింది. ఆ దండం ఆమెకే! వారం తిరగకముందే ఆమె మెట్లు దిగుతుంటే అవే చేతులు ఠపీమని తలుపులు మూశాయి. "ఆ నర్సమ్మను వేరే ఖోలీ చూసుకొమ్మనుండ్రి, మా పిల్లలుండ్రు" అని ఇంటి ఓనరుకు చెప్పినవాళ్లు పరాయివాళ్లు కారు, మన తెలుగువాళ్లే. ఏ శాస్త్రంలో ఉందో ఆ భక్తి, నాకు తెలియదు.

రెండో ఏడు రోగం మళ్లీ విరుచుకుపడ్డప్పుడు మండలి వాళ్లు ఫోన్‌లో సప్తాహం పెట్టారు. మా వంతు పగలు పదకొండు. మూడు రోజులు తాళాలు పట్టుకొని గొంతెత్తి పాడాను. నాలుగో రోజు నేను వంటింట్లో ఉండగా కోడలు నా కొడుకుతో మెల్లగా చెప్పుకోవడం వినబడింది. ముందు రాత్రి వార్డులో నిద్రమత్తులో ఒకరికి ఇవ్వాల్సిన సూది ఇంకొకరికి ఇవ్వబోయిందట, పక్కనున్న నర్సు చేయి పట్టి ఆపిందట. "గామె సూడకుంటే ఒక పానం పోతుండె," అని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ రోజు నా వంతు పక్కింటావిడకు అప్పగించాను.

ఐదో రోజు పొద్దున్నే పిల్లలను ఫోన్లతో సహా మేడ మీదికి తరిమాను. కొడుకు చేతిలోని రిమోట్ లాక్కొని పప్పు డబ్బాలో వేశాను. రాత్రి పవళింపు పాట పాడి మా దేవుని గూటికి వేసే ఎర్ర తెర విప్పి, కోడలు పడుకునే మూలకు అడ్డంగా కట్టాను. చిన్న తెర, సగమే కప్పింది. మిగతా సగానికి నా చీర కట్టి గడప అవతల కూర్చున్నాను. పదకొండు దాటగానే ఫోన్ మోగింది. చేసింది మండలి పెద్ద. చనిపోయిన మా ఆయనకు అన్న, నాకు బావ.

"ఏందమ్మా, నీ గొంతు ఇనొస్తలేదు. నామం తెగుతది!"

"మనసుల అంటున్న బావా. కోడలు పండుకున్నది."

"మనసుల అంటే లెక్కగాదు, తాళం మోగాలె. రోగం పోవాలని చేస్తున్నం, ఆటగాదు."

"ఆ రోగంతోనే రాత్రంత కొట్లాడి అచ్చింది పిల్ల. మందిరంల పవళింపు చేసినంక గంట కొడ్తమా? మునివేళ్ల మీద నడుస్తం గద!"

"దేవుడు, నీ కోడలు ఒక్కటేనా?"

"ఒక్కటి గాదు బావా. దేవునికి నిద్ర లేకున్నా నడుస్తది," అని ఫోన్ పెట్టేశాను.

ఆ రోజు కోడలు సాయంత్రం ఐదు దాకా పక్కకు తిరగకుండా నిద్రపోయింది. నాకు మాత్రం నామం తెంపిన ఆడదన్న పేరు వచ్చింది. ఆ నెలలో గల్లీలో ఒక పెద్దాయన పోతే అదీ నా వల్లే అన్నారు. మందిరంలో ముందు వరుసలో నా చోటు ఇంకొకరికి ఇచ్చారు. ఇవ్వనీ. నా మీద నాకున్న కోపం ముందు వాళ్ల మీద కోపం ఎంత? భగవంతుని పేరు చెవిన పడితే నిద్రలోనూ పుణ్యమేనని ఆ పిల్ల తలకు రెండు మూరల దూరంలో తాళాలు కొట్టానే! చున్నీ చెవులకు చుట్టుకొని కూడా, "పాడు అత్తమ్మా, మంచిగున్నది," అంది. చదివిన పురాణాలన్నీ ఆ మాటలో ఉన్న అలసటను వినడానికి నాకు పనికిరాలేదు.

ఇప్పుడు మాకు రెండు గదులు, గడియ పడే తలుపు. ఆమెవి పగటి డ్యూటీలు. పిల్లలు చెవుల్లో తీగలు పెట్టుకొని సద్దు లేకుండా ఉంటారు. కానీ రాత్రి నేను మంచినీళ్లకు లేస్తే చాలు, ఆమె లేచి కూర్చొని, "ఎవలికి అత్తమ్మా, ఊపిరాడ్తలేదా?" అంటుంది. ఎవరికీ ఏం కాలేదు, పండుకో బిడ్డా అంటాను. నా మాట కాదనలేక పడుకొని కళ్లు మూసుకుంటుంది. మూసిన రెప్పల కింద ఆ కళ్లు కదులుతూనే ఉంటాయి. నేను చూడనట్టే వచ్చేస్తాను.