ముక్కు దగ్గర మొదలయ్యే చిలుక

పోస్టుకు మేము చేరింది నవంబరు మొదటి వారం, పగలు రెండింటికి. పన్నెండు వేల అడుగుల ఎత్తు. రెండు బంకర్లు, పదకొండు మంది. నా చార్జిలో ఒక వైర్‌లెస్ సెట్టు, నాలుగు బ్యాటరీలు, ఇనుప గొట్టానికి కట్టిన ఏరియల్. నాకు ఇరవై రెండేళ్లు, ఊరు శ్రీరాంపూర్.

స్టోరు చూసే హవల్దారుది నిర్మల్. సైన్యంలో చేరకముందు కొయ్యబొమ్మలకు రంగులు వేసేవారు. ప్రతి శనివారం తొమ్మిదింటికి టపా కిందికి పోయేది. ఆయన ఇంటికి పంపే కార్డు మీద చిరునామా తప్ప అక్షరం ఉండేది కాదు. పెన్సిలుతో గీసిన చిలుక ఉండేది.

"మీ వదినకు సదువు రాదు తమ్మీ. ఇంకొకలతోని సదివిచ్చుకునుడెందుకు? చిలుక అచ్చిందంటే నేనున్నట్టు."

జనవరిలో ఒక మధ్యాహ్నం మంచుగాలికి ఏరియల్ ఒరిగింది. నేను తీగ బిగిస్తుంటే ఆయన గొట్టం పట్టుకున్నారు. ఆయన కుడిచేతి తొడుగు గాలికి ఎగిరిపోయింది. నలభై నిమిషాలు పట్టింది.

"ఇడువన్నా, చెయ్యి పోతది!"

"నువ్వు కట్టు ముందు. ముచ్చట తర్వాత."

మర్నాడు ఆయనను కింది ఆసుపత్రికి మోసుకెళ్లారు. పోతూ ఒకటే మాట: "శనివారం చిలుక పోవాలె."

ఆయన గీసి పంపకుండా వదిలేసిన పాత కార్డు ఒకటి నా దగ్గర ఉంది. గళ్లు గీసుకుని, తోక కొస నుంచి స్కేలుతో కొలుస్తూ అచ్చం అలాగే దించాను. మిల్లీమీటరు తేడా లేదు. పంపాను.

పదకొండో రోజు సెట్టులో కింది ఆపరేటర్ పలికాడు. "నిర్మల్ నుంచి టెలిగ్రాం. హవల్దారు భార్య అడుగుతోంది, భర్త బతికే ఉన్నాడా అని. ఓవర్."

"ఉన్నాడు. ఆసుపత్రికి చెప్పండి, ఆయననే గీయమనండి. ఓవర్."

అప్పటికే చలికి చచ్చుబడిన కుడిచేతి మూడు వేళ్లు తీసేశారు. ఆయన ఎడమ చేత్తో వంకరటింకర చిలుకను గీసి పంపారు.

పద్నాలుగు నెలలకు నేను తిరిగొచ్చాను. సొంత ఊరికంటే ముందు నిర్మల్‌లో బస్సు దిగాను. ఆయన అప్పటికే పింఛనుతో ఇంటికి చేరారు. వదిన నన్ను పైనుంచి కిందికి చూసింది.

"గా చిలుకను గీసింది నువ్వేనా?"

"నేనే వదినా. కొలతలన్నీ సరిగనే ఉండె గదా?"

"కొలతలకేం, మంచిగనే ఉన్నయి. గీత మొదలువెట్టిన కాడ లావుగుంటది. మీ అన్న ముక్కు కాడ మొదలువెడ్తడు. నువ్వు తోక కాడ మొదలువెట్టినవ్. ఇరవై ఏండ్ల సంది ఆ గీత సూస్తున్న, నాకు తెల్వదా? వారం దినాలు ముద్ద సక్కగ దిగలే."

ఆయన నవ్వారు. "వంకర చిలుక అచ్చినంక తిన్నదట. నీ మెకానిక్కు చిలుక ఎగురదు తమ్మీ!"

నేను ఆయన కుడిచేతి వైపు చూశాను. ఆ గొట్టం నా చార్జిలోది.

ఆయన ఎనభై దాటేదాకా బతికారు, చివరి ఏడాది దాకా రంగులు వేశారు. మొన్న పోయారని తెలిసినప్పుడు నాకు మంచు గుర్తుకు రాలేదు. నిర్మల్‌లో బస్సు దిగిన ఆ రోజు వాళ్ల అరుగు మీద చూసింది గుర్తొచ్చింది. ఎడమ చేతిలో కుంచె కదలకుండా ఆగి ఉంది. కుడిచేయి బొమ్మను పట్టలేదు. ఎదురుగా వదిన రెండు చేతులతో కొయ్యచిలుకను పట్టుకుని, ముక్కు దగ్గర మొదలుపెట్టి, కుంచె కింద మెల్లగా తిప్పుతోంది.