ఎన్నో ఎత్తు, శౌరయ్య గారూ?

ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన శౌరయ్య గారికి ఎదుటివాడి తప్పు పట్టుకోవడమంటే మహా ఇష్టం. మా తిరువూరు చెస్ క్లబ్బంటే జిరాక్సు షాపు మీద ఒక గది, ఆరు బల్లలు, ఒక నల్లబోర్డు. ప్రతి ఆదివారం మేం ఎత్తులు వరసగా రాసుకున్న ఆటల కాగితాలన్నీ ఆయన ముందు పెట్టాలి. అందరికంటే ఘోరంగా ఆడినవాళ్ల పేరు బోర్డెక్కుతుంది. "ఎన్నో ఎత్తు?" అని ఆయన అడుగుతారు. తప్పు చేసినవాళ్లే లేచి నంబరు చెప్పాలి. నా పేరు ఎన్నిసార్లు ఎక్కిందో చెప్పను. ఆయన మీద ఒళ్లు మండేది, కానీ ఆయన చెప్పేది ఎప్పుడూ నిజమే.

మొన్న వేసవి టోర్నమెంటు ఫైనల్లో ఆయనతో గీతాంజలి ఆడింది. మందుల షాపులో పనిచేస్తుంది, చెస్ నేర్చుకుని రెండేళ్లు. ముప్పై రెండో ఎత్తు దగ్గర తన రాజుకి ఇక దారి లేదనుకుని ఓటమి ఒప్పుకుంది. చేయి చాపింది. ఆయన అందుకున్నారు. మేం చప్పట్లు కొట్టాం.

ఆ ఆదివారం బోర్డు మీద గీతాంజలి పేరు రాశారు. "ఎన్నో ఎత్తు?"

"పంతొమ్మిది సార్. ఆ బంటుని తొయ్యకుండా ఉండాల్సింది."

గంటసేపు ఆ బంటునే పట్టుకుని వెక్కిరించారు. మేం పడీపడీ నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే నాకిప్పటికీ తలవంపులుగా ఉంటుంది. ఆమె కాగితంలో చివరి ఎత్తుదాకా ఆయన వెళ్లనేలేదు. ఆ పై వారం నుంచి గీతాంజలి రావడం మానేసింది.

నెల తిరిగాక ఆయన నన్ను కూర్చోబెట్టి, ఆమె ఓటమి ఒప్పుకున్నప్పుడు పావులు ఎలా ఉన్నాయో అలాగే పేర్చారు. "ఇక్కడ ఆ అమ్మాయి గుర్రంతో చెక్ చెబితే?"

చూశాను. ఆ ఒక్క గంతుతో ఆయన మంత్రి పోయేది. ఆట ఆమెదే.

"ఇప్పుడు కనిపించిందా అండీ?"

"చేయి చాపినప్పుడే కనిపించింది."

"ఓటమి ఒప్పుకున్నాక ఆట అయిపోయినట్టే కదండీ. రూలు ప్రకారం మీ తప్పేం లేదు."

"రూలు నాకు తెలీదా? చివరి ఎత్తు ఎవరి కంటా పడకూడదనే ఆ బంటు మీద అంతసేపు వాగానయ్యా. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

ఇద్దరం మందుల షాపుకి వెళ్లాం. కౌంటరు పక్కకి జరిగి, గొంతు తగ్గించి ఆయన అంతా చెప్పారు. గీతాంజలి మాత్రల షీటు కత్తిరిస్తూనే వింది.

"నేను అందరి ముందూ లేచి చెప్పాను సార్. మీరేమో ఇక్కడికొచ్చి గుసగుసగా చెబుతున్నారు."

ఆయన తల దించుకుని మెట్లు దిగారు.

ఆదివారం గీతాంజలి వచ్చి వెనక బల్ల దగ్గర కూర్చుంది. ఆయన బోర్డు మీద తన పేరు తనే రాసుకున్నారు. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. ఎవరూ నవ్వలేదు.

"ఎన్నో ఎత్తు సార్?" అంది గీతాంజలి.

ఆయన మావైపు తిరగలేకపోయారు. బోర్డుకేసి చూస్తూనే అన్నారు.

"ఆట అయిపోయాకమ్మా. నిన్ను ఇక్కడ నిలబెట్టినప్పుడు."