చీకటక్క వెతికిన చుక్క

ఆవిడకు అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరు ఒకటుంది గానీ, ప్రయోగశాలలో దాన్ని ఎవరూ వాడరు. గేటు దగ్గరి కాపలాదారు మొదలు అక్కడి అధిపతి పెద్దాయన దాకా అందరికీ ఆవిడ చీకటక్కే. చేసే పని అలాంటిది మరి.

అక్కడున్నది ఎలక్ట్రాన్లను పరుగులు పెట్టించే యంత్రం. దాని మొదట్లో ఒక లోహపు బిళ్ల ఉంటుంది. లేజరు కాంతి పడగానే బిళ్లలోంచి ఎలక్ట్రాన్లు వస్తాయి, బలమైన విద్యుత్ క్షేత్రం వాటిని ముందుకు లాగుతుంది. చిక్కేమిటంటే, లేజరు ఆపేసినా కొన్ని ఎలక్ట్రాన్లు పిలవని పేరంటానికి తయారవుతాయి. చీకటి కరెంటు అంటే ఇదే. అది ఎలక్ట్రాన్లు పరుగెత్తే గొట్టం గోడలకు కొట్టుకుని పరికరాలను పాడుచేస్తుంది, యంత్రం బలం పెంచేకొద్దీ పెరుగుతుంది. ఆ భయంతోనే పెద్దాయన ఏళ్ల తరబడి యంత్రాన్ని సగం బలంతో నెట్టుకొస్తున్నారు.

పిల్లలు బడికి వెళ్లే వయసొచ్చాక ఉద్యోగంలో చేరిన చీకటక్క, ఈ దొంగ ఎలక్ట్రాన్లను కంప్యూటర్లో లక్షల కొద్దీ పుట్టించి, ఎవడు ఎటు పోతాడో చూస్తూ కూర్చునేది. అంతకుముందు అందరూ అవి బిళ్ల మొత్తం మీద నుంచి వస్తాయనుకుని లెక్కలు కట్టారు. ఎక్కువ భాగం అంచు నుంచి వస్తున్నాయని ఆవిడ పట్టుకుంది. గొట్టంలో ఒకచోట లేజరుతో వచ్చిన మంచివన్నీ దగ్గరగా చేరతాయి, దొంగలు చెదిరిపోతారు. సరిగ్గా అక్కడ చిన్న రంధ్రమున్న రాగి పలక అడ్డం పెడితే చాలంది.

పెద్దాయన నీళ్లు నమిలారు. మంచి ఎలక్ట్రాన్ల ధార కూడా రంధ్రం అంచుకు తగిలితే కొంప మునుగుతుందని ఆయన బెంగ. ఒక్కసారి చూద్దామనీ, తగిలితే పలక పీకేసి ఆ ఊసే ఎత్తకూడదనీ అన్నారు. అంటే చీకటక్క ఏళ్ల శ్రమ అటకెక్కినట్టే.

పరీక్ష రోజు లేజరు ఆపి, పలక దించి, తెర చూశారు. మామూలుగా దొంగ ఎలక్ట్రాన్లు తగిలి ఉంగరంలా మెరిసే తెర నల్లగా ఉంది. గదంతా చప్పట్లు. చీకటక్క ముఖంలో మాత్రం నవ్వు లేదు.

"ఇది నా చీకటి కాదండీ," అంది.

"ఇంకేం కావాలమ్మా? ఒక్కటి కూడా రావట్లేదుగా," అన్నారు పెద్దాయన.

"రావాలండీ. కింద ఎడమ పక్క ఒక చుక్క రావాలి. కొందరు దొంగలు మంచివాళ్ల దారిలోనే దూరిపోతారు, వాళ్లను నేను ఆపలేను."

పని అయ్యాక కూడా తప్పు వెతికే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని యంత్రం నడిపే ఆపరేటరు నవ్వాడు. లేజరు మీట మీదికి వెళ్తున్న చేతిని మాత్రం వెనక్కి తీసుకున్నాడు. వెతికితే విషయం బయటపడింది. ఏ కొలత కావాలంటే అది వాడేలా పలకలో వరుసగా గడులున్నాయి, ఒక్కోదానిలో ఒక్కో కొలత రంధ్రం, ఒకటి మాత్రం మూసి ఉంది. చీకటక్క కంప్యూటరు అలవాటు కొద్దీ వాటిని కింద నుంచి లెక్కపెట్టింది. పలక పై నుంచి దిగుతుంది కాబట్టి బిగించినవాళ్లు పై నుంచి లెక్కపెట్టారు. దారికి అడ్డంగా వచ్చి నిలబడింది అసలు రంధ్రమే లేని భాగం. లేజరు వేసి ఉంటే ధారంతా రాగికి కొట్టుకునేది, ఆ పాపం ఆవిడ లెక్కల మీద పడేది.

పలక సరిచేశారు. తెర మీద కింద, ఎడమ పక్క, ఆవగింజంత చుక్క వెలిగింది.

"వచ్చాడు," అంది చీకటక్క, చుట్టం దిగినట్టు మురిసిపోతూ.

తర్వాత లేజరు వేశారు. పలకకు ముందు ఎంత ధార ఉందో, దాటాక కూడా అంతే ఉంది. చీకటక్కకు కళ్లు నిండిపోయాయి. ఆనందం పట్టలేక పక్కనున్న ఆపరేటరు వీపు మీద ఒక్కటి చరిచింది, పాపం అతను ముందుకు తూలాడు.

పెద్దాయన మీటర్ల వంక చాలాసేపు చూసి, బలం పెంచమన్నారు. ఆ మాట ఆయన నోట ఎన్నడూ వినకపోవడంతో ఆపరేటరు తడబడ్డాడు.

"ఎంతవరకు పెంచమంటారండీ?"

పెద్దాయన తన కుర్చీ ఖాళీ చేసి చీకటక్క వైపు జరిపారు.

"నన్నడుగుతావేంటయ్యా? ఆవిణ్ణి అడుగు."