ఇద్దరి చొక్కాల మీద ఒకే పతకం

పైలట్ సారు పోయారని మొన్న పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. ఎల్బీనగర్‌లో కూరగాయలు బేరమాడుతున్నాను. సంచి బండి మీదే వదిలేసి దిల్‌సుఖ్‌నగర్ వైపు నడిచాను. ఆటో ఎక్కవచ్చన్న సంగతి కొత్తపేట దాకా తట్టలేదు. ఆయన ఇంట్లో పైవాటాలో చాలా ఏళ్ళు అద్దెకున్నాను. కాలు ఒకచోట నిలవకపోవడం ఆయన దగ్గరే అంటుకుంది.

టీ కూడా డాబా మీద ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే తాగేవారు. ఇంట్లోవాళ్ళెవరైనా, మేమైనా సరే, బయటికెళ్తే తిరిగొచ్చేదాకా గేటు దగ్గరే తచ్చాడేవారు. "పొయ్యుడు గొప్ప కాదు లెక్చరర్ సాబ్, వాపస్ వచ్చుడు గొప్ప" అనేవారు. "పాల ప్యాకెట్‌కి వెళ్ళినా యుద్ధానికి వెళ్ళినట్టేనా?" అని మా ఆవిడ నవ్వేది.

యుద్ధానికి ఆయన నిజంగానే వెళ్ళారు. బడంగ్‌పేట్ రైతు కుటుంబంలో పుట్టి, ఇంట్లో వద్దన్నా వినకుండా వైమానిక దళంలో చేరి, డెబ్బై ఒకటి యుద్ధంలో బాంబర్ నడిపారు. లైట్లార్పుకుని, నేలకి దగ్గరగా ఎగురుతూ వెళ్ళి, శత్రువుల విమానాశ్రయాల మీద బాంబులు వేసి రావాలి. అలాంటి ఒక దాడిలో ఒక ఇంజన్ దెబ్బతింది. దిక్కు చూపే పరికరాలూ పనిచేయలేదు. వెనక, కిటికీ అయినా లేని ఇరుకు చోట కూర్చున్న నావిగేటర్ మోకాళ్ళ మీద మ్యాపు పరుచుకుని, గడియారం చూస్తూ లెక్కకట్టి దారి చెప్పాడు. ఇద్దరూ ప్రాణాలతో దిగారు. ఆ నావిగేటర్‌ది తెనాలి. శౌర్య పతకం మాత్రం పైలట్‌కే ఇచ్చారు.

అది సారుకి గొంతులో ముల్లయింది. "నేను తోలిన, అంతే. తెచ్చింది వాడు. మెడల్ నాకేంది?" అని కోపగించుకునేవారు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. జనవరి ఇరవయ్యారుకి పతకం సారు చొక్కా మీద, పంద్రాగస్టుకి తెనాలాయన చొక్కా మీద. పోస్టులో పంపకూడదు, మరొకరి చేతికివ్వకూడదు. ఎవరి దగ్గరుంటే వాళ్ళే బస్సెక్కి వెళ్ళి, రెండోవాళ్ళకి స్వయంగా పెట్టి రావాలి. ప్రభుత్వానికి తెలిస్తే ఏమనేదో కానీ, అంతకంటే న్యాయమైన పంపకం నేనెక్కడా చూడలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. సారు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న మనిషి. దీక్షా శిబిరంలో రోజూ కనబడేవారు. మాది గుంటూరు. ఇల్లు ఖాళీ చెయ్యాల్సొస్తుందేమోనని మేం దిగులుపడుతుంటే, "నా ఇంట్ల ఉన్నోళ్ళను ఎవడేమంటడు? జర నిమ్మళంగుండు" అని కసిరారు.

ఒక ఏడాది పంద్రాగస్టు దగ్గరపడుతుండగా తెనాలి నుంచి ఫోను. ఆయనకి గుండె జబ్బు ముదిరిందట, పండగ దాకా ఉండడం కష్టమని డాక్టర్లన్నారట. మర్నాడు బంద్. బస్సుల్లేవు. సారుకి కంటి ఆపరేషనయింది, కారు నడపకూడదు. నన్నడిగారు. నా కారుది గుంటూరు నంబరు. భయమేసింది కానీ కాదనలేకపోయాను.

పొద్దున్నే బయల్దేరాం. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర రోడ్డుకడ్డంగా రాళ్ళు, జనం. నంబరు చూసి ఒకతను బానెట్ మీద గట్టిగా చరిచాడు.

"గుంటూరు బండి! బంద్ అని తెల్వదా? దిగుండ్రి!"

"సార్, పతకం చూపించండి, వదిలేస్తారు" అన్నాను మెల్లగా.

సారు నన్ను గుడ్లురిమి చూసి దిగారు. "దోస్తుకు బాగలేదు. తెనాలి పోవాలె" అని మాత్రం చెప్పారు.

అతను మెత్తబడ్డాడు. "అట్లనా? పోండ్రి తాతా. రాళ్ళు జరుపుతం."

నేను కారు స్టార్ట్ చేశాను. సారు ఎక్కలేదు. వెనక నిలిచిపోయిన బండ్ల వైపు చూస్తున్నారు.

"ఎవరి తొందర వాళ్ళకున్నది. నాకొక్కనికే తొవ్వ ఇస్తే అది బంద్ ఎట్లయితది? బంద్ చెయ్యుండ్రని శిబిరంల చెప్పినోన్ని నేనే గద" అంటూ వెళ్ళి ఆ జనంలో కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది. అక్కడొక మనిషి ప్రాణం పోతుంటే ఇదేం మొండితనం!

కూర్చున్నారన్న మాటే కానీ, లేస్తారు, నడుస్తారు, మళ్ళీ కూర్చుంటారు. ఆఖరికి నా ఫోన్‌లో నాచేత తెనాలికి కలిపించారు. స్పీకర్‌లో పీలగా గొంతు వినిపించింది.

"ఎక్కడున్నావురా?"

"అబ్దుల్లాపూర్‌మెట్ల. మావోళ్ళు రోడ్డు ఆపిన్రు."

"మరి నువ్వేం చేస్తున్నావు?"

"నేను గూడ కూసున్న."

అవతల దగ్గు, దగ్గులోంచే నవ్వు. "నీకు తగిన పనేరా! కానివ్వు. అయ్యాకే రా. నేనెక్కడికీ పోను."

మధ్యాహ్నం దాటాక రోడ్డు వదిలారు. మేం చేరేసరికి తెనాలి ఇంటి ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. కాసేపటి కిందటే ఆయన పోయారు.

"తప్పు చేసినమ్మా. వాళ్ళు పొమ్మన్నరు. నేనే రాలే" అన్నారు సారు, ఆయన భార్యతో.

ఆవిడ తప్పనలేదు, కాదనీ అనలేదు. "మీరొస్తున్నారని పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేయించుకున్నారు అన్నయ్యగారూ. పడుకుంటే నలుగుతుందని దిండు ఆనుకుని కూర్చునే ఉన్నారు" అంది.

తర్వాత సారు ఉద్యమాన్ని వదల్లేదు, రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా మిఠాయి పంచారు. పతకం మాత్రం మళ్ళీ హైదరాబాద్ రాలేదు. మొన్న సారు చొక్కా మీద అది లేదేమని ఎవరో అడిగారు. తెనాలిలోని ఆ గదే కళ్ళముందుంది. నలగని ఆ తెల్లచొక్కాకి, ఎడమ జేబు పైన, ఏటా పిన్ను గుచ్చిన చోట సన్నని చిల్లులున్నాయి. ఒక చేతిలో పతకం పట్టుకుని, సరిగా కనబడని కళ్ళతో సారు వాటిని వేలితో తడిమి వెతుక్కుంటున్నారు.