కర్రోడి మెడకు వేసిన కొత్త తోలు

ఆ రోజు పొద్దున కర్రోడు కాడి కింద మెడ పెట్టలేదు. కర్రోడంటే మా నల్ల ఎద్దు. కాడి ఎత్తి పట్టుకుంటే చాలు, తనంతట తానే వచ్చి నిలబడేవాడు. ఆ రోజు రెండడుగులు వెనక్కి వేసి తల విదిల్చాడు. తడిమి చూస్తే మెడ వేడిగా తగిలింది. మూపురం ముందు రూపాయి బిళ్లంత చోట వెంట్రుకలు ఊడి, ఎర్రగా కమిలి ఉంది.

అప్పుడే విడిచిపెట్టి ఉంటే ఇదంతా రాయాల్సిన పనే లేదు. విడిచిపెట్టలేదు. ఎల్లారెడ్డి పక్కన మా ఊళ్లో చెరువు నీళ్లు వంతుల ప్రకారం వదులుతారు. మా వంతు ఇక రెండు రోజులే ఉంది. పాత ధోతి గుడ్డ కాడికి చుట్టి, తోడెద్దు బొల్లోడి పక్కన కట్టి, నాటు మడి దున్నాను. బురదనీళ్లకు గుడ్డ తడిసి మెడను ఇంకా ఒరుసుకుంది. ఇది చేసింది నేనే. తర్వాత ఎవరెవరినో తిడతాను కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

నెల తిరిగేసరికి పుండు అరచేయంత అయింది. ఊళ్లో ప్రతివాడూ డాక్టరే. ఒకాయన కాలిన ఇంజన్ ఆయిల్ పూయమన్నాడు, ఇంకొకాయన మైలుతుత్తం చల్లమన్నాడు. రెండూ చేశాను. పురుగులు పడ్డాయి.

అందరూ తమ రోగాల కథలు రాసుకునే ఈ చోట ఎద్దు గోల ఏమిటని మీకు అనిపించవచ్చు. జోడులో ఒక ఎద్దు పడిపోతే రెండోది ఉన్నా లేనట్టే. కర్రోడు మళ్లీ కాడి పడితేనే మాకు సేద్యం. పట్టకపోతే పొలం ఎవరికో పాలుకు ఇచ్చి, నేను కూలికి పోవాలి. నాకు కావలసింది ఆ ఒక్కటే.

ఎల్లారెడ్డిలో పశువుల డాక్టరు పురుగులన్నీ ఏరి, పుండు కడిగి చూశాడు. "ఇది యోక్ గాల్, కాడి ఒరుపు పుండు. లోతుగ పోయింది. మూసుకుందామంటే తోలే మిగల్లేదు. కామారెడ్డిల ఒక సారు స్కిన్ గ్రాఫ్ట్ చేస్తున్నడట, తీస్కపో" అన్నాడు.

హమీద్ భాయ్ డీసీఎం వ్యానులో గడ్డి పరిచి కర్రోణ్ని ఎక్కించాం. కామారెడ్డిలో ఆ డాక్టరు అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో ఉన్నాడు. కుర్రవాడే. ఇంకా పెద్ద చదువు చదువుతున్నాడు, ఆ చదువు కోసమే ఈ పని. ముందు పుండు గీకి స్క్రేపింగ్ అన్నాడు, బ్లడ్ టెస్ట్ అన్నాడు, చిన్న ముక్క కోసి బయాప్సీకి పంపాడు. కాన్సర్ కాదని తేలాక నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"పక్కటెముకల మీది తోలు తీసి మెడకు కుడతం. తుంటి ఎముకల నుంచి బోన్ మ్యారో గుంజి దాని కింద పోస్తం. అండ్ల స్టెమ్ సెల్స్ ఉంటయి. తోలు జల్ది అతుక్కుంటది. కొత్త పద్ధతి."

"దాని మూలుగ దానికే మందా సార్?"

"అవును."

"పుండు మానుతదా?"

"మానుతది. గ్యారంటీ."

నేను అడగాల్సింది ఆ ప్రశ్న కాదు. నాకప్పుడు తెలియలేదు.

నాతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, మత్తు ఇచ్చి, కాళ్లకు తాళ్లు కట్టి పడుకోబెట్టారు. లావుపాటి సూది తుంటిలో దిగినప్పుడు కర్రోడు మత్తులో కూడా మూలిగాడు. నేను వాడి తల ఒళ్లో పెట్టుకుని చెవులు నిమురుతూ కూర్చున్నాను. ఆ తర్వాత చాలా రోజులు ఆ షెడ్డే నా ఇల్లు. గడ్డి వేయడం, ఈగలు తోలడం, పేడ ఎత్తడం. కట్టు విప్పిన రోజు డాక్టరు ముఖం వెలిగిపోయింది. "టేక్ మస్తుగుంది, తోలు అతుక్కుంది" అన్నాడు. చూస్తే గులాబీ రంగు తోలు, అక్కడక్కడా నల్లగా ఎండిన అంచులు. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికి పంపుతూ నాలుగు మాటలు చెప్పాడు. నీళ్లు తగలొద్దు, ఎండ తగలొద్దు, ఈగ వాలొద్దు, కాడి కట్టొద్దు. ఇంటికొచ్చి అందరినీ నిలబెట్టి పంతులులాగా అవే నాలుగు మాటలు అప్పజెప్పించాను.

మా అవ్వ పుట్టిల్లు బిచ్కుంద దిక్కు. అక్కడ ఎడ్ల పండుగైన పొలాల అమావాస్యకు ముందు రోజు ఎడ్ల మెడలను వేడినీళ్లతో కడిగి, నెయ్యి పసుపు కలిపి రుద్దుతారు. ఏడాదంతా కాడి మోసిన మెడకు ఆ ఒక్క రోజు సేవ. కాపురానికి వచ్చినప్పటి నుంచి అవ్వ ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఆ ఏడు సరిగ్గా ఆ రోజే నేను కర్రోడి ఆయింట్‌మెంట్ కోసమే ఎల్లారెడ్డి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అవ్వ పశువుల కొట్టం ముందు నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ముఖమంతా సంతోషం.

"నీళ్లు తగలనియ్యలే బిడ్డా, నువ్వు చెప్పినట్టే. ఒట్టి నెయ్యి పసుపే రాసిన. మంచిగ రుద్దిన. పక్కులన్నీ ఊడొచ్చినయి. మెడ ఎంత సాఫయిందో సూడు."

చూశాను. పసుపు మధ్య పచ్చి మాంసం.

"అవి పక్కులు కాదే అవ్వా! తోలే అది! కొత్త తోలు! నీ చేతులు పడిపోను, ఏం జేసినవే!"

వాడంతా విన్నది. అవ్వ గిన్నె కింద పెట్టి, పైటకొంగుకు చేతులు తుడుచుకుంది. నీళ్లు వద్దన్నారు, ఆమె నీళ్లు తగలనివ్వలేదు. నెయ్యి వద్దని డాక్టరు నాకు చెప్పలేదు, నేను ఆమెకు చెప్పలేదు. మా పండుగ ఆ డాక్టరుకు తెలియదు. నాకు తెలుసు కదా. నాకెందుకు గుర్తు రాలేదు?

మళ్లీ కామారెడ్డి. మెడ చూసి డాక్టరు మండిపడ్డాడు.

"ఎవరయ్యా చేసింది? నా స్టడీ అంత ఖరాబైతది!"

"నేనే చేసిన సార్" అన్నాను.

నానా మాటలు అన్నాడు. పడ్డాను. లెక్కకు ఒక ఎద్దు తక్కువైతే తనకూ కష్టమే, అందుకే మళ్లీ చేస్తానన్నాడు. ఈసారి రెండో తుంటిలోంచి మ్యారో తీశారు. మూడో రోజు జ్వరం వచ్చింది, కర్రోడు గడ్డి ముట్టలేదు. ఒక అంచు నల్లబడింది. నెక్రోసిస్, అంటే తోలు చచ్చిపోయిందని చెప్పి కత్తిరించాడు. నేను వాడి గంగడోలు నిమురుతూ, పోతే పో రా, ఇన్ని సూదులు ఎందుకు నీకు అని కూడా అన్నాను. వాడు పోలేదు. మెల్లగా గడ్డి తిన్నాడు, తోలు నిలబడింది.

చివరి రోజు డాక్టరు మెడ పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసుకున్నాడు. "కంప్లీట్ హీలింగ్!" అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"మరి కాడి ఎప్పుడు కట్టాలె సార్?"

కెమెరా సంచిలో పెట్టుకుంటూనే అన్నాడు. "కాడా? అది నా స్టడీల లేదు. పుండు మానుడు వరకే నేను చూసేది. ఈ తోలు అసలు తోలంత గట్టిగుండదు మరి. చూడు, ప్రయత్నం చెయ్యి."

అబ్బ, ఎంత చల్లగా చెప్పాడు! పుండు మానడానికా నేను ఎద్దును రెండుసార్లు కోయించింది?

ఆ వాన కారు అంతా ఆగాను. తర్వాత కాడికి దూది మెత్త కట్టి పైకెత్తి పట్టుకున్నాను. కర్రోడు ఎప్పటిలాగే తనంతట తానే వచ్చి మెడ పెట్టాడు. మొదటి సాలు చివరికి వెళ్లేసరికి దూది ఎర్రబడింది. ఈసారి వెంటనే కాడి దించాను.

బొల్లోణ్ని అమ్మేశాను. పొలం పాలుకు ఇచ్చాను. కర్రోణ్ని ఒకసారి అంగడికి తోలుకుపోతే, రైతులు మెడ తడిమి ముందుకు నడిచారు. అడిగింది కోతకు కొనేవాళ్లే. తిప్పి తోలుకొచ్చాను. ఇప్పుడు వాడు ఇంటి ముందు గడ్డి తింటూ ఉంటాడు, నేను కూలికి పోతున్నాను. ఎక్కడో ఒక పెద్ద పుస్తకంలో వాడి మెడ ఫొటో ఉండి ఉంటుంది, కింద బాగైందని రాసి ఉంటుంది. అబద్ధం కాదు, బాగైంది.

ఆ రోజు తర్వాత అవ్వ కర్రోడి మెడ ముట్టలేదు. మొన్న పొలాల అమావాస్య ముందు రోజు నేనే నెయ్యి వేడి చేసి గిన్నె ఆమె చేతికిచ్చాను.

"రాయవే అవ్వా."

"నీ డాక్టర్ను అడిగినవా?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. ఆ సారు ఎప్పుడో వెళ్లిపోయాడని చెప్పాను. రెండు వేళ్లతో, కొత్త తోలు అంచుకు కూడా తగలకుండా, చుట్టూ మాత్రమే రాసింది.

జీవాన్ని డాక్టరు దగ్గరికి తోలుకుపోయేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పుండు మానుతదా అని అడగకండి. మానినంక ఇది ఏ పని చేయగలదో సంతకం పెట్టే ముందే అడగండి.