గిర్ని ఆపి వండిన ఆపరేటింగ్ సిస్టమ్

మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే, భయపడదామని ఊపిరి బిగించేలోపే జనరేటరు అందుకుంది. ఇలాంటి కాలంలో, వనపర్తిలో జొన్నమూటల ఆడవాళ్లకు బందీనై ఒక పగలంతా గడిపానంటే మన ఈడువాళ్లు తప్ప ఎవరు నమ్ముతారు?

తొంభైల చివర్లో పిండిగిర్ని మీది మేడలో ఉన్న కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. మా యజమాని ఎక్కడినుంచో ఒక పాత మిషన్ కొనుక్కొచ్చాడు. ఒళ్లు ఏనుగుది, జ్ఞాపకశక్తి దోమది, ప్రాసెసర్ వేరే జాతిది. సోర్సు కోడుతో సహా ఊరికే దొరికే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందులో నడిపిస్తే ఉద్యోగం పక్కా చేస్తానన్నాడు. ఆ కోడును తనంత తానుగా కంపైల్ చేసుకునే, అంటే తనకు నడిపే రూపంలోకి మార్చుకునే శక్తి ఆ పాతదానికి లేదు గనుక, కొత్త మిషన్‌లో దానికోసం వండి, క్యారియర్ కట్టినట్టు ఫ్లాపీల్లో తీసుకెళ్లాలి. గద్వాలలో పిల్లనిచ్చేవాళ్లు కూడా ఉద్యోగం పక్కా అయితేనే అన్నారు. వాళ్లు పెళ్లిచూపులకు రమ్మన్న రోజే ఈ వంటా పడింది.

గిర్ని తిరిగితే మాకు వోల్టేజీ పడిపోయి మిషన్ ఆరిపోయేది. అందుకని గిర్ని ఆయన కాళ్లావేళ్లా పడి ఆపించాను. మధ్యాహ్నానికి పాలమూరు జొన్నలన్నీ మా మెట్ల మీదే ఉన్నాయి. మెట్లేమో గిర్నిలోంచే దిగాలి.

"నీ మిషన్ తినేదాంక మేం ఉపాసముండాల్నా సారూ? మా పిండి కాంది నువ్వు గిట్ల దిగవు," అంది ముందు మెట్టు మీది ముసలమ్మ.

రోడ్డు మీద గద్వాల బస్సు హారన్ కొడుతోంది. బస్సు పక్కన మా మేనమామ, కొత్త చొక్కాలో.

"దిగుతవా అల్లుడా, నీ బదులు నన్నే పోయి పెండ్లిచూపులల్ల కూసొమ్మంటవా?"

మిషన్ ఆపితే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకుంటే పిల్ల లేదు, ఆపకుంటే బస్సు లేదు. కిటికీ ఊచలు పట్టుకుని, జైల్లోవాడిలా చేయి ఊపాను. బస్సు వెళ్లిపోయింది.

సాయంత్రానికి వంట ముగిసింది. ఫ్లాపీలు పెడితే పాత మిషన్ నల్లమొహం వేసుకుని కూర్చుంది. ఏ మిషన్ కోసం వండాలో చెప్పే ఒక్క వరుస నేను రాయలేదు. కొత్తది శుభ్రంగా తనకోసమే వండుకుంది. ఉద్యోగం పోయింది, గద్వాల పిల్లను వేరేవాళ్లకిచ్చారు.

ఆ సాయంత్రం తలవంచుకుని దిగుతుంటే ముసలమ్మ అడిగింది.

"అయిందా సారూ?"

కాలేదన్నాను.

"గట్లయితే రేపు గూడ గిర్ని బందేనా?"

ఇప్పుడు అలాంటి పని నా ల్యాప్‌టాప్‌లో టీ చల్లారేలోపు అయిపోతుంది, ఎవరి కరెంటు వాళ్లది. అయిందా అని నన్ను అడిగేంత నష్టం ఎవరికీ లేదు.