కాలువ గట్టున గొడ్డుకూర

సాయంకాలం అయిదుంపావుకు మా పడవ కొత్తపేట దగ్గర ఒండ్రులో దిగబడింది. భార్య అస్థికలు సముద్రంలో కలిపి తిరిగి వస్తున్నాను. ఆమె పోయాక నాకు ముద్ద దిగలేదు. గట్టున కాలువ తవ్వే కూలీలు మూడు రాళ్ల పొయ్యి మీద కూర వండుతున్నారు. ఆ వాసనకు ఆకలి వేసింది.

దగ్గరికి వెళ్లగానే వండుతున్న ముసలమ్మ ముందే చెప్పింది. "గొడ్డు మాంసమండి బాబుగారూ. సన్నగా కొట్టి వంకాయలేసేను. తింటే మీవోళ్లు వెలేస్తారండి."

"ఆకలిగా ఉందమ్మా" అన్నాను.

ఆమె ఆకులో వడ్డించింది. కూలీలందరూ నాకు వీపు పెట్టి కూర్చున్నారు. పెద్ద కులం వాడు తింటుంటే చూడకపోవడం వాళ్ల మర్యాదట.

"ఆయ్, మేం చూళ్లేదండి. చూసేమని చెప్పినా మా మాటెవరు నమ్ముతారండి?" అని ఒకతను నవ్వాడు.

ఇటు తిరగమన్నాను. కలిసి తిన్నాం.

ఇంటికి వెళ్లి నేనే చెప్పాను. మా అన్నదమ్ములు ఇప్పుడు నా పక్కన కూర్చుని భోజనం చేయడం లేదు.